వేపమండల కాపలా

ఆ రోజుల్లో మా ఆర్మూరులో ఇంటికి తాళం వేశారంటే ఆ ఇంటివాళ్ళ మీద జాలిపడేవాళ్ళు. ఇంట్లో కనీసం ఒక ముసలమ్మైనా మిగలకుండా అందరూ బయటికి పోయారంటే ఏదో పెద్ద కష్టమే వచ్చి ఉంటుందని అనుకునేవాళ్ళు. అందుకే ఇళ్ళకు లోపలినుంచి వేసుకునే గడెమాను ఉండేది గానీ బయట గొళ్ళెం ఉండేది కాదు. మా అత్తగారిల్లూ అంతే. వీధి తలుపు ఇద్దరు కలిసి తోస్తే తప్ప కదిలేది కాదు. లోపల ఈ గోడనుంచి ఆ గోడకు జరిపే బారెడు గడె ఉంది, బయట మాత్రం చెయ్యి పెట్టి లాగడానికి ఒక కడియం కూడా లేదు. మూడు తరాల్లో ఈ ఇల్లు ఒక్క పూట కూడా ఖాళీగా లేదని మా మామ గొప్పగా చెప్పుకునేవాడు. (మూడు తరాల ఆడవాళ్ళను ఊరు దాటనివ్వలేదని దానికి అర్థమని నాకు అప్పట్లో తట్టలేదు. ఇప్పుడు తట్టింది గానీ వినడానికి ఆయన లేడు.) ఇప్పటివాళ్ళు ఇంటికి మూడు తాళాలు వేసి, గుమ్మం మీద కెమెరా పెట్టి, ఎక్కడో కూర్చుని తమ గడపను తామే అరచేతిలో చూసుకుంటున్నారు. వాళ్ళను చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఇల్లు కాపాడడానికి నేను పన్నిన ఉపాయం ముందు ఈ కెమెరాలు ఎంత? ఆ ఉపాయంతో ఇల్లు గవ్వంత నష్టం లేకుండా దక్కింది. మిగతాదంతా ఏమైందో చెబుతాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, కాపురానికి వచ్చి ఏడాదిన్నర. పుట్టిల్లు వేల్పూర్. నిజామాబాదులో మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి ఆర్మూరు అత్తగారింట్లో నాకు 'సదువుకున్న కోడలు' అని పేరు. ఆ మాటను మా అత్తమ్మ మెచ్చుకోడానికీ వాడేది, తిట్టడానికీ వాడేది. మామకు వచ్చిన ఉత్తరం చదివిపెడితే సదువుకున్న కోడలు, పప్పు మాడితే కూడా సదువుకున్న కోడలే. బర్రె పాలు తక్కువ ఇచ్చినా 'దాన్ని అడుగుండ్రి, సదువుకున్నది గద' అనేది. నేను దాన్ని కూడా మెప్పుకిందే జమకట్టుకుని తల ఎగరేసేదాన్ని.

మా యారాలికి, అంటే మా బావగారి భార్యకు, పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కొడుకు పుట్టాడు. వాడు పుడితే ఇంటిల్లిపాదీ తిరుపతికి వచ్చి పుట్టువెంట్రుకలు తీయిస్తామని అత్తమ్మ మొక్కుకుంది. ఎండాకాలంలో, ఆ ఏటి పసుపు అమ్ముడై, మళ్ళీ నాటడానికి వానల కోసం ఎదురుచూసే ఆ కొద్ది రోజుల తీరికలో ప్రయాణం పెట్టుకున్నారు. అంతా బాగానే ఉంది గానీ, మూడు తరాలుగా ఖాళీగా లేని ఇంటిని ఎలా విడిచిపోవాలో ఎవరికీ తెలియలేదు. వెనక గదిలో విత్తనపు పసుపు కుప్ప ఉంది. ఆకులు కప్పి, పైన మట్టీ పేడా కలిపి మెత్తి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాడు మామ. ఆయన మంచం కూడా ఆ కుప్ప పక్కనే. ఆ కుప్ప పోతే వచ్చే ఏడాదికి పంట లేదు. పైగా ఆ నెలలోనే మార్కెట్టు వైపు ఒక ఇంటివాళ్ళు పెళ్ళికని బాల్కొండ పోయి వచ్చేసరికి ఇత్తడి బిందెలన్నీ మాయమయ్యాయి. పసుపు సీజనుకు ఎక్కడెక్కడినుంచో జనం వచ్చిపోతుంటారు, ఎవరని పట్టుకుంటారు?

తానొక్కడు ఇంట్లో ఉండిపోతానని మామ అన్నాడు. ఇంటిల్లిపాదీ అని మొక్కిన తర్వాత ఒకరు తగ్గితే దేవుడు ఊరుకోడని అత్తమ్మ అంది. మా ఆయన తన దోస్తును పడుకోబెడతానన్నాడు. ఆ దోస్తు కిందటి ఏడు ఒక్క పూటలో సగం జాడీ ఆవకాయ తిన్నాడని అత్తమ్మకు గుర్తుంది. చివరికి బావ నిజామాబాదు పోయి ఒక తాళం కొనుక్కొచ్చాడు. వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చి వీధి తలుపుకు గొలుసు బిగించాడు. తాళం వేసి అందరం వీధిలోకి వచ్చి నిలబడి చూశాం. కొత్త తాళం ఎండకు తళతళ మెరుస్తోంది. అత్తమ్మ కాసేపు చూసి, ఇంట్లో ఎవరూ లేరని దండోరా వేయించినట్టే ఉందని తేల్చేసింది. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. ఇల్లు భద్రంగా ఉంచే బాధ్యత సదువుకున్న కోడలి మీద పడింది.

నేను రెండు రోజులు ఆలోచించాను. (ఆలోచిస్తున్నానని చెప్పి ఆ రెండు రోజులు రోలు ముట్టుకోలేదు.) నా ఉపాయంలో రెండు సగాలున్నాయి. మొదటి సగం అందరికీ చెప్పాను: వీధి తలుపుకు లోపలినుంచి గడె వేసేద్దాం, గొలుసూ తాళం దొడ్డి తలుపుకు మార్చి అటునుంచి బయటికి పోదాం, బయటినుంచి చూసేవాళ్ళకు లోపల మనుషులున్నట్టే ఉంటుంది. అందరూ భేష్ అన్నారు. మామ మాత్రం ఒక షరతు పెట్టాడు, పోతున్నట్టు ఎవరికీ తెలియకూడదని. తెల్లవారకముందే ఇద్దరిద్దరుగా బస్టాండుకు పోవాలి, అడిగినవాళ్ళకు చేనుకని చెప్పాలి. బర్రెను ముందురోజే మేతకని చెప్పి చేను దగ్గరి జీతగాడికి అప్పజెప్పాం.

రెండో సగం ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యనే మా వెనక గల్లీలో ఒక ఇంట్లో అమ్మవారు పోసింది. వాళ్ళు తలుపుకు వేపమండలు కట్టారు. ఇక ఆ ఇంటి జోలికి పోయినవాళ్ళు లేరు. పాలామె చెంబును దూరంగా దించి పరుగో పరుగు. పోస్టుమాను ఉత్తరాన్ని గోడమీదినుంచి విసిరేసి చేతులు ఒంటికి తుడుచుకున్నాడు. నేను అదంతా చూశాను. అమ్మవారు ఉన్న ఇంట్లో కాలుపెట్టే దొంగ ఆర్మూరు తాలూకాలో ఇంకా పుట్టలేదని నాకు అర్థమైంది. అంతకంటే గట్టి తాళం ఏ కంపెనీవాడు చేయగలడు?

అయితే వేపమండలు రెండు రోజులకు వాడిపోతాయి. వాటిని మార్చడానికీ తాళంచెవి ఉంచడానికీ ఒక మనిషి కావాలి. పక్కింటి ఖాలా తప్ప నాకు ఎవరూ కనిపించలేదు. (ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు.) ఖాలా భర్త దర్జీ. ఆమె పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో బీడీలు చుడుతూ ఉండేది. గల్లీలోకి పిల్లి వచ్చినా ఆమెకు తెలియకుండా రాలేదు. నేను చెప్పింది విని ఆమె చేతిలో బీడీ ఆకు అట్లాగే ఆగిపోయింది.

"అమ్మవారంటే మీకే గాదు, మాకు గూడ భయమే. ఆమెతోని మజాక్ మంచిది గాదు బేటీ" అంది.

నేను వినలేదు. ఎనిమిదో తరగతిలో చదివిన సైన్సంతా ఆమెకు చెప్పాను. ఈ సంగతి నీకొక్కదానికే చెప్తున్నానని బతిమాలి, ఎవరికీ చెప్పనని ఆమె చేత కసం కూడా తినిపించాను, అంటే ఒట్టు పెట్టించాను. అడిగినవాళ్ళకు లోపల తల్లి పోసింది, లోపలికి పోవద్దు అని మాత్రం చెప్పాలి. ఆమె మనసు చంపుకుని సరేనంది. ప్రయాణం రోజు వేకువన అందరూ దొడ్డిదారిన సగం దూరం పోయాక నేను నీళ్ళ చెంబు మరచిపోయానని వెనక్కి వచ్చి, ఖాలా గుమ్మం పక్కనుంచి వీధిలోకి వచ్చి, వీధి తలుపుకు ఇటు రెండు అటు రెండు వేపమండలు కట్టి, తాళంచెవి ఖాలా చేతిలో పెట్టి పరుగెత్తాను. చెంబు నిజంగానే మరచిపోయానని బస్సులో కూర్చున్నాక తెలిసింది.

తిరుపతి ప్రయాణంలో అంత నిశ్చింతగా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. రైలు మారినప్పుడల్లా అత్తమ్మ దొడ్డి తలుపు లాగి చూశారా అని అడిగేది. మామ నిద్రలో పసుపు కుప్పను తడుముకునేవాడు. కొండమీద పిల్లవాడితో పాటు మామ, బావ, మా ఆయన గుండ్లు చేయించుకున్నారు. అత్తమ్మకూ ఏదో పాత మొక్కు ఉందని ఆమె కూడా తలనీలాలు ఇచ్చింది. నేను మూడు కత్తెరలతో సరిపెట్టాను. దర్శనంలో అందరూ ఇల్లు కాపాడమని మొక్కుకుంటే నేను మాత్రం, దాని సంగతి నేను చూసుకున్నాను, మీరు మిగతావి చూడండి అన్నట్టు దండం పెట్టి వచ్చాను. అప్పటి నన్ను ఇప్పుడు పట్టుకుని రెండు పీకాలనిపిస్తుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నిజామాబాదు బస్సులో వచ్చి ఆర్మూరులో దిగాం. దిగినప్పటినుంచీ ఏదో తేడాగా ఉంది. మామ కనిపిస్తే చాలు 'పటేలా, చాయ్ తాగి పో' అని పిలిచే హోటలాయన మమ్మల్ని చూసి, చేతిలో సాసరు అట్లాగే పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. పసుపు దుకాణం సేటు గద్దె మీదినుంచి లేచి, టోపీ తీసి, మమ్మల్ని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. ఏదో అనుమానం వచ్చి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మామ నమస్తే చెబితే ఆయన ఆకాశం వైపు దండం పెట్టాడు. తిరుపతి పోయివచ్చినవాళ్ళంటే మనవాళ్ళకు ఎంత భక్తి అని మా ఆయన అన్నాడు. నేనూ అవునన్నాను.

రిక్షావాడు మా గల్లీ పేరు వినగానే టైరు పంచర్ అయిందన్నాడు. టైరు నిండా గాలి ఉంది, నేను నొక్కి చూశాను. ఇంకొకడికి కాలు నొప్పి. మూడోవాడు ఏమీ చెప్పలేదు, రిక్షా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయనకు ఓపిక పోయి, ట్రంకుపెట్టె దగ్గర నన్ను నీడలో కూర్చోబెట్టి, పక్కింటి తోపుడుబండి తెస్తాను అయిదు నిమిషాలు కూర్చో అని అందరినీ తీసుకుని నడిచాడు. నేను కూర్చున్నాను. నా పక్కన దోసకాయలు అమ్ముతున్న ఆమె గంపను జరిపింది. కాసేపాగి ఇంకొంచెం జరిపింది. మూడోసారి గంప నెత్తిన పెట్టుకుని ఎండలోకి పోయి కూర్చుంది. మా ఇంటికి గాజులు తెచ్చే ఆమె రోడ్డుకు అవతలినుంచి నన్ను చూసి ఆగి, నువ్వేనా అని అడిగింది. నేనే అన్నాను. నిజంగా నువ్వేనా అని మళ్ళీ అడిగింది. ఎవరైనా ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతారు? నేను లేచి నిలబడి అటు ఇటు తిరిగి చూపించాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మీకు ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు. వేపమండల సంగతి నేను ఎప్పుడో మరచిపోయాను. నా మొహాన ఏమైనా అంటుకుందేమోనని కొంగుతో నాలుగుసార్లు తుడుచుకున్నాను.

గంట గడిచింది, మనిషి జాడ లేదు. ట్రంకు హోటల్లో పెట్టుకోమంటే హోటలాయన లోపలినుంచే వద్దని చెయ్యి ఊపాడు. నాకు మండిపోయింది. ట్రంకు నెత్తికెత్తుకుని, ఒక చేత్తో ప్రసాదం మూట పట్టుకుని, దారిపొడుగునా మా ఆయనను తిట్టుకుంటూ నడిచాను. మా గల్లీ మలుపు తిరిగేసరికి అక్కడ జాతరలా ఉంది. కానీ ఎవరూ మాట్లాడడం లేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ ఎడమ చేతికి గుడ్డ కట్టుకుని ఉన్నారు. ఒక్కొక్కరి చెయ్యి భుజం దగ్గర బొప్పికట్టి ఉంది. నన్ను చూసి దారి వదిలారు. నేను అవేవీ పట్టించుకునే స్థితిలో లేను. మా అరుగు ముందు మా ఆయన గుండు కనిపించింది, చాలు. అక్కడినుంచే గొంతెత్తాను.

"గంట సేపాయె. పెండ్లాం బస్టాండుల ఎండకు మాడుతున్నదన్న సోయి ఉన్నదా మనిషికి? గీ ట్రంకు ఎవ్వలు మోస్తరు, మీ తాత మోస్తడా?"

మా ఆయన తల ఇటు తిప్పాడు గానీ కదల్లేకపోయాడు. ఆయన చెయ్యి ఎవరో గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆ పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలింది. అరుగు మీదినుంచి ఒక మనిషి లేచింది. మా అవ్వ. (మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం.) వేల్పూర్లో ఉండాల్సిన మా అవ్వ ఇక్కడెందుకుందో, జుట్టు విరబోసుకుని, చీర నిండా దుమ్ముతో ఎందుకుందో నాకు తెలియలేదు. ఆమె నా దగ్గరికి వచ్చి ఏమీ అడగలేదు. నెత్తి మీది ట్రంకు దించింది. నా రెండు చేతులూ భుజాల దాకా తడిమి చూసింది, గదవ పట్టుకుని మొహం ఎండవైపు తిప్పి చూసింది. మెడ చూసింది, వీపు చూసింది. తర్వాత నా కాళ్ళ దగ్గరే కూలబడిపోయింది. నేనింకా ట్రంకు గురించే ఆలోచిస్తున్నాను, ఆమె మీద పడిందేమోనని.

జరిగిందంతా ఖాలా చెప్పింది. కసం తిన్నది కాబట్టి ఆమె తన మాట మీద నిలబడింది. అడిగిన ప్రతివాళ్ళకూ లోపల తల్లి పోసింది అని చెప్పింది. రెండు రోజులకొకసారి మండలు మార్చింది. మూడో రోజుకు గల్లీలో జనం నడవడం మానేశారు. నాలుగో రోజు ఎవరో కబురు పెడితే టీకాల సారు వచ్చాడు. మా తలుపు కొట్టి కొట్టి, లోపలివాళ్ళు రారని తెలుసుకుని, గల్లీలో మిగిలినవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, చేతికి ముళ్ళ చక్రం ఆనించి తిప్పిపోయాడు. అందులో ఖాలా ఉంది, దర్జీ ఉన్నాడు, ఎన్నడూ సూది పేరు వింటేనే పారిపోయే కిరాణా తాత కూడా ఉన్నాడు. దర్జీకి జ్వరం వచ్చి నాలుగు రోజులు కత్తెర పట్టలేదు. అందరి చేతులూ అందుకే వాచాయి. ఆ మాట చెబుతూ ఖాలా తన చేతి గుడ్డ విప్పి చూపించింది. తిట్టలేదు, చూపించింది, అంతే.

అంగడికి వచ్చిన వేల్పూర్ వాళ్ళు ఈ వార్త మోసుకుపోయారు. మీ బిడ్డ ఇంట్లో తల్లి పోసింది, అయిదు రోజులాయె తలుపు తెరవలేదు అని మా అవ్వకు చెప్పారు. మా నాయన అప్పటికే లేడు. ఆమె వేపమండలూ పెరుగు ముంతా పట్టుకుని ఒక్కతే నడిచి వచ్చింది. తలుపు ముందు నిలబడి నా పేరు పెట్టి పిలిచింది. లోపలినుంచి పలుకు లేదు. గంట సేపు పిలిచాక ఖాలాకు ఇక మనసు ఒప్పలేదు. కసం పోతే పోయిందని, దగ్గరికి వచ్చి అసలు సంగతి చెప్పింది. వాళ్ళందరూ తిరుపతి పోయారు, రోగం లేదు గీగం లేదు అంది. మా అవ్వ నమ్మలేదు. ఆరు రోజులుగా ఊరంతటికీ తల్లి పోసిందని చెప్పిన మనిషే ఇప్పుడు ఏమీ లేదంటే, జరగరానిది జరిగింది, నాకు చెప్పలేక కప్పిపెడుతున్నారు అనుకుంది. నమ్మించడానికి ఖాలా దొడ్డి తాళం తీసి లోపలికి తీసుకుపోయింది. అదే ఇంకా పెద్ద పొరపాటు. ఇల్లంతా ఊడ్చి ఉంది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యిలో నిప్పు లేదు, మంచాలు గోడకు నిలబెట్టి ఉన్నాయి. (అన్నీ నేనే అంత నీటుగా సర్దివచ్చాను.) ఒకరూ మిగలని ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. మా అవ్వ బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. రెండు రోజులు అక్కడే కూర్చుంది. అమ్మవారు ఉన్నచోట ఏడిస్తే ఆమెకు కోపమని ఏడుపు ఆపుకుంది. ఖాలా తెచ్చిన అంబలి తాగమన్నా తాగలేదు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం మావాళ్ళు గల్లీలోకి వచ్చారు. ముందు మామ, వెనక బావ, ఆ వెనక మా ఆయన, ముగ్గురికీ గుండ్లు. అత్తమ్మకు కూడా గుండు. నేను లేను. చావు జరిగిన ఇంట్లోనూ మగవాళ్ళు గుండ్లే చేయించుకుంటారు కదా. మా అవ్వ అందరినీ చూసి, అల్లుడి చెయ్యి పట్టుకుని 'ఏది?' అని ఒక్క మాట అడిగిందట. అత్తను ఆ అవతారంలో చూసి ఆయనకు మతి పోయి 'బస్టాండుల ఉన్నది' అన్నాడట. ఖాలా ఏమో తిరుపతిలో ఉందంది, అల్లుడేమో బస్టాండులో ఉందంటున్నాడు. మా అవ్వ ఆ మాట కూడా నమ్మలేదు, ఆయన చెయ్యి వదలలేదు. బావ నా కోసం బయలుదేరితే గల్లీవాళ్ళు చుట్టుముట్టి వాచిన చేతులు చూపించడం మొదలుపెట్టారు. ఆ అయోమయంలో నా అరుపు వినిపించిందట. అట్లాంటి గొంతు ఇంకెవరికీ లేదు కాబట్టి అప్పుడు నమ్మింది.

అత్తమ్మ తలుపుకు కట్టిన మండలు చూసింది. ఇవి ఎవ్వలు కట్టిండ్రు అని అడిగింది. నేను కట్టానన్నాను. అందరికీ అర్థమయ్యేట్టు చెప్పడానికి దొంగలు, తాళం, సైన్సు అని ఏదో మొదలుపెట్టాను. సగంలోనే మా అవ్వ లేచి, తలుపుకున్న వేపమండ ఊడబెరికి, గల్లీ అంతా చూస్తుండగా నా వీపు మీద వాయించింది. నాలుగు దెబ్బలు లెక్కపెట్టాను. అయిదోదానికి చెయ్యి లేవలేదు. మండ కింద పడేసి నన్ను కరుచుకుని, రెండు రోజులుగా ఆపుకున్న ఏడుపంతా నా భుజం మీద ఏడ్చింది. అంతలో మామ ఇంట్లోనుంచి వచ్చి, విత్తనం కుప్ప ఎట్లున్నది గట్లనే ఉన్నది, ఇల్లు భద్రంగ ఉన్నది అని ప్రకటించాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం ఖాలా నా వీపుకు కొబ్బరినూనె రాస్తూ ఇంకొక మాట చెప్పింది. నాకు ముందు పుట్టిన ఇద్దరిని, ఒక అన్నను ఒక అక్కను, ఒకే ఎండాకాలంలో అమ్మవారు తీసుకుపోయిందట. ఆ రెండు రోజులు అరుగు మీద మా అవ్వ మాట్లాడిన మాటలు అవేనట. ఈమెనన్న విడిచిపెట్టు తల్లీ అని. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచి తెలుసు. తెలిసి కూడా, మండలు కట్టేటప్పుడు దొంగలు ఏమనుకుంటారో, పాలామె ఏమనుకుంటుందో అన్నీ లెక్కేశాను గానీ మా అవ్వ ఏమనుకుంటుందో అన్నది నా లెక్కలోకే రాలేదు. నేను పుట్టకముందు జరిగింది కాబట్టి అది అయిపోయిన సంగతి అనుకున్నాను. నాకు ఆ రోజు కలిగినంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఆ తర్వాత చాలా కాలం దాకా సదువుకున్న కోడలు అని అత్తమ్మ అన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. అత్తమ్మ మాత్రం ఒక్క రోజు తిట్టి ఊరుకుంది. గల్లీ గల్లీకంతా నా చేత పెరుగన్నం కలిపించి, ఇంటింటికీ నా చేతనే పంచిపెట్టించింది. కిరాణా తాత గిన్నె తీసుకుంటూ, మళ్ళ ఊరికి పోయేటప్పుడు జర ముందుగాల చెప్పు బిడ్డా, మేము గూడ ఎటన్న పోతం అన్నాడు.

మర్నాడు మా అవ్వ వేల్పూర్ బయలుదేరుతూ అత్తమ్మను పక్కకు పిలిచి, ఆషాఢంలో మీ పొయ్యి మీద బోనం వండుకుంటానని అడిగింది. ఏమిటంటే, నేను బతికి ఎదురుగా వస్తే బతికినన్నాళ్ళూ ఏటేటా వేల్పూర్ నుంచి కాలినడకన వచ్చి, ఇక్కడి పోచమ్మకు బోనం ఎత్తుతానని అరుగు మీద కూర్చుని మొక్కుకుందట. ఆమె వయసుకు, ఆ వానల్లో, అంత దూరం. నా సిగ్గు అంతా మళ్ళీ వాదనగా మారింది.

"నాకు రానే రాలేదు గదనే అవ్వా. రాని రోగానికి మొక్కేంది?" అన్నాను.

మా అవ్వ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నా వైపు చూసింది. "నీకు రాలేదు బిడ్డా. నాకు వచ్చింది. రెండు దినాలు నాకు వచ్చింది" అంది.

ఆమె ఏటేటా వచ్చింది. కాళ్ళు సహకరించని చివరి రెండేళ్ళూ బస్సులో వచ్చి, మొక్కు తప్పకూడదని మా గల్లీ మొదట్లో దిగి చెప్పులు విడిచి నడిచింది. నేను గొడుగు పట్టుకుని పక్కన నడుస్తూ, అవ్వా ఇక చాలు, అమ్మవారికి కూడా గుర్తుండదు అని అంటూనే ఉన్నాను. ఆమె పోయిన ఏడు ఆషాఢం వచ్చింది. కుండ కడిగి, పసుపు రాసి, బోనం వండుతుంటే నా చేతులు నేను చెప్పినట్టు వినలేదు, వాటి పని అవి చేసుకుపోయాయి. అప్పటికే ఆ రోగం లోకంలోనే లేకుండా పోయిందని పేపర్లో చదివాను, ఎనిమిదో తరగతి సైన్సు నాకింకా గుర్తుంది. అయినా అప్పటినుంచి ఏ ఏడూ తప్పలేదు. బోనం దించి పక్కన కూర్చున్నప్పుడు, ఏం మొక్కమ్మా, ఎవరికి తగ్గిందని కొత్తవాళ్ళు ఎవరైనా అడుగుతారు. మా అవ్వకు అంటాను.